డిన్నర్ ఎన్ని గంటలకు

జొలీన్ కుచెరా వ్యాసం మీద ఎర్ర సిరాతో 'సి' పడింది. దాని కింద మిసెస్ అబర్నాతీ గుండ్రటి చేతిరాత: "డిన్నర్ అంటే రాత్రి భోజనం. జాగ్రత్తగా చదువు."

ఆనర్స్ ఇంగ్లిష్ క్లాసులో జొలీన్‌ది అరువు కుర్చీ. ప్రవేశపరీక్షలో రెండు మార్కులు తక్కువైతే ఉత్తరం రాసి, బతిమాలి సంపాదించుకుంది. ఈ వ్యాసానికి కనీసం 'బి' రాకపోతే మామూలు క్లాసుకి పంపేస్తారు. అక్కడ అమెరికన్ నవలలు చదవరు, నవలల్లోంచి తీసిన పేజీలు చదువుతారు. తిరగరాసి ఇవ్వడానికి శుక్రవారం దాకా గడువు.

గొడవంతా నూరేళ్ళనాటి ఒక పల్లె నవలలో తొమ్మిదో అధ్యాయం గురించి. అందులో హానా డిన్నర్ గిన్నెలు కడిగి బోర్లించి, మొగుడి ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. చీకట్లో సిగ్గుతో పారిపోయిందని క్లాసంతా రాసింది. గోధుమ కోతలకొచ్చిన పద్నాలుగు మంది చూస్తుండగా, పట్టపగలు తలెత్తుకుని నడిచిపోయిందని జొలీన్ రాసింది.

"పట్టపగలు డిన్నర్ ఏంటే? మీ పొలంలో సూర్యుడు రాత్రి డ్యూటీ చేస్తాడా?" అంది పక్క బల్ల విట్నీ. టౌన్లో డాక్టరుగారి కూతురు.

"మా ఇంట్లో మధ్యాహ్నం తినేది డిన్నరే. రాత్రి తినేది సప్పర్."

"మరి పొద్దున తినేది లంచా?"

క్లాసు గొల్లుమంది. జొలీన్‌కీ నవ్వొచ్చింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"మార్చి రాసెయ్, జొలీన్. వాక్యాలు బాగున్నాయి, 'బి' ఇచ్చేస్తాను," అన్నారు బోస్టన్‌లో పుట్టి పెరిగిన మిసెస్ అబర్నాతీ.

"మార్చనండీ. రుజువు తెస్తాను."

"మీ నాయనమ్మ చెప్పిందంటే చెల్లదు. పుస్తకంలో చూపించు."

ఆ సాయంత్రం వంటింట్లో నాయనమ్మ ఆర్డిత్ బంగాళాదుంపలు చెక్కుతూ సంగతంతా విన్నది.

"నలభై ఏళ్ళు కోతవాళ్ళకి డిన్నర్ వండిపెట్టాను. తిన్నాక మళ్ళీ పొలంలోకి దిగేవాళ్ళే అందరూ."

"నీ సాక్ష్యం చెల్లదట, నాయనమ్మా."

"చెల్లకపోతే పోనీ. ఆ పుస్తకంలో వాళ్ళకి కరెంటు లేదు కదే పిల్లా. ఏ భోజనానికి దీపం వెలిగించారో చూడు."

జొలీన్ నాయనమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టి, మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. స్కూలు బస్సులో పోను నలభై నిమిషాలు, రాను నలభై నిమిషాలు. భోజనం మాట కనబడ్డ చోటల్లా పసుపు చీటీ అంటించింది. సప్పర్ పదకొండు చోట్ల వచ్చింది, తొమ్మిదింట దీపం ఉంది. డిన్నర్ ఏడు చోట్ల వచ్చింది, ఒక్కదాన్లోనూ దీపం లేదు. అయినా రచయిత దీపం సంగతి చెప్పడం మర్చిపోయారని టీచరు అంటే? గురువారం పొద్దున చీటీలన్నీ మళ్ళీ తిరగేస్తుంటే నాలుగో అధ్యాయంలో దొరికిందది: డిన్నర్ గంట కొట్టేసరికి పెరట్లో కోళ్ళు తమ నీడల్ని తామే తొక్కుకుంటూ నిలబడ్డాయి. నీడ కాళ్ళ కిందే ఉందంటే సూర్యుడు నడినెత్తినే. జొలీన్ పుస్తకాన్ని గుండెకి హత్తుకుని తనలో తనే నవ్వుకుంది. బస్సు డ్రైవరు అద్దంలోంచి వింతగా చూశాడు.

శుక్రవారం వ్యాసంతో పాటు పుస్తకాన్నీ టీచరు బల్ల మీద పెట్టింది. పసుపు చీటీలతో అది ఈకలొచ్చిన కోడిపిల్లలా ఉంది. మిసెస్ అబర్నాతీ ఒక్కొక్క చీటీ దగ్గరా ఆగి చదివారు. కోళ్ళ వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. ఎర్ర పెన్నుతో ముందు తన రాతనే కొట్టేశారు. తర్వాత 'సి'ని కొట్టేసి పక్కన 'ఎ' వేశారు.

"తొమ్మిదో అధ్యాయం తీయండి అందరూ," అన్నారు. "పదిహేనేళ్ళుగా హానాని చీకట్లో పంపుతున్నాను. జొలీన్, నువ్వు చదువు. పగటిపూట చదివినట్టు చదువు."

జొలీన్ తన కుర్చీలోంచి లేచి నిలబడింది.