షట్‌డౌన్‌లో నేలవేము

మా ఆయన భుజంగరావు స్టీల్ ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ మనిషి. ఆ బట్టీలు ఒకసారి వెలిగిస్తే ఆపకూడదట, చల్లారితే లోపలి ఇటుక పగిలిపోతుందట. రిటైరై ప్లాంటు పక్కనే మరోదాలో ఇల్లు కట్టుకున్నాక ఆ శాస్త్రమంతా తెచ్చి నా నేలవేము మడి మీద పెట్టాడు.

ఆ విత్తనం మా అమ్మది. నేను కాపురానికొచ్చేటప్పుడు చెంగున ముడివేసి పంపింది. ఇప్పుడు అమ్మ లేదు. ఏటా ఎండిన కాయలు ఏరి, వానలకు మళ్ళీ చల్లుకుంటూ వచ్చాను. మొలక కనిపిస్తే అమ్మ వచ్చి పలకరించినట్టే ఉండేది నాకు.

జ్వరానికీ షుగరుకీ మంచిదని ఈయన ఊరంతా చాటాడు. తెల్లారేసరికి గేటు దగ్గర జనం. కత్తెర పుచ్చుకుని కచకచా కోసి పంచడం, చిగురు రాగానే మళ్ళీ కోయడం. "కొన్నాళ్ళు ఒగ్గీండి, పూత రానీండి" అంటే, "ఆపితే పాడైపోద్దే. నీకేటి తెల్సు" అనేవాడు.

పోనుపోను ఆకు గోరంత అయింది, రంగు వెలిసిపోయింది, చేదు కూడా తగ్గింది. దానికి జనం ఇంకా మెచ్చుకున్నారు. "అంకుల్, మీ ఆకు ఇప్పుడు పిల్లలు కూడా తాగేస్తన్నారు" అన్నారు. ఈయన మీసం దువ్వుకున్నాడు. చేదు పోయిన నేలవేము ఎవడిక్కావాలి, గడ్డి మరగబెట్టి తాగినా ఒకటే కదా.

పక్కింటి నీలిమ స్కూల్లో బయాలజీ చెబుతుంది. "ఆంటీ, మొక్కకి ఆకే కిచెన్. రోజూ కిచెన్ తీసేస్తే వేరు దాచుకున్నదంతా ఖర్చుపెట్టి కొత్త ఆకు తయారు చేస్తది. పువ్వుకీ చేదుకీ ఇంక ఏం బచేగా, ఏం మిగుల్తది?" అంది. అలా చెబుతూనే వాళ్ళత్తగారి కోసం ఓ గుప్పెడు గిల్లుకుంది.

నిరుడు ఒక్క కాయా కట్టలేదు. డబ్బా అడుగున మిగిలిన గింజలన్నీ ఈ వానలకు చల్లేశాను. ఇవి పోతే అమ్మ విత్తనం పోయినట్టే. ఆ మాట చెప్పి ఆయన ముందు ఏడ్చాను, సిగ్గుపడలేదు. ఆయన లేచాడు. రేకుముక్క మీద ఎర్రరంగుతో 'షట్‌డౌన్' అని రాసి మడి ముందు పాతాడు.

నేనెంత మొత్తుకున్నా వినని జనం ఆ బోర్డు చూసి నోరెత్తకుండా వెనక్కి తిరిగారు. అందరూ ప్లాంటువాళ్ళే మరి. మడి తేరుకుంది. చిన్న చిన్న తెల్లపూలు పూసి, సన్నటి కాయలు కట్టాయి. అవి గోధుమరంగు తిరుగుతుంటే నా ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం దుర్గ్‌లో పెళ్ళికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చాను. మడిలో మొదళ్ళు మాత్రమే ఉన్నాయి. చుట్టూ శుభ్రంగా తవ్వి ఎరువేసి ఉంది. పెరటి మూల కుప్ప ఇంకా పొగలు కక్కుతోంది.

"ఏటి చేసినారు?" అన్నాను.

"షట్‌డౌన్ అంటే ఊరికే కూకోడం కాదే. మెయింటెనెన్సు అప్పుడే సేసుకోవాల. ఎండిపోయిన సరుకంతా కొట్టేసి తగలెట్టీనాను. నీకోసరమే, నడుం ఇరిగిపోయింది."

బూడిదలో వేళ్ళు పెట్టి కెలికాను. ఒక్క గింజా దొరకలేదు. చెడామడా తిడదామని తలెత్తితే, ఒళ్ళంతా మట్టితో, మెచ్చుకుంటానని చూస్తూ నిలబడ్డాడు. చేతికంటిన బూడిద చెంగుకు తుడుచుకున్నాను.

అంతలో నీలిమ గోడ మీంచి తొంగిచూసింది. "అంకుల్, షట్‌డౌన్ ఖతమ్ అయిందా? అత్తకి కొంచెం ఆకు కావాలి."

ఈయన బోర్డు పీకి చంకలో పెట్టుకున్నాడు. "చిగురు రానీయమ్మా. ఈపాలి మరి ఆపీదే లేదు."