పంకజాక్షి పసుపు కాగితం

పంకజాక్షికి పగటికలలు జాస్తి అని ఆమె తల్లి వరదమ్మ ఊరంతా చెప్పుకునేది. అబద్ధమేమీ కాదు. పాకాల హైస్కూలుకు వాళ్ళ ఊరినుంచి మూడు మైళ్ళు నడవాలి. చెరుకు తోటల మీద మంచు కమ్మిన పొద్దుల్లో, తాను కూడా ఆవిరై మెల్లగా మబ్బుల్లోకి తేలిపోతున్నట్టు ఊహించుకుంటూ నడిచేది ఆ పిల్ల. అట్లా తేలిపోతూ రెండుసార్లు కాలవలో పడింది. పుస్తకాలు తడిసినందుకు తిట్లు తిన్నది, అలవాటు మాత్రం మానలేదు.

పదో తరగతిలో అది ఇంకా ముదిరింది. ఆ యేడే సైన్సు చెప్పడానికి ప్రేమానందం అయ్యవారు వచ్చారు. స్కూలుకు ప్రయోగశాల అంటే ఆయన బల్ల కింద ఉండే చెక్కపెట్టె. అందులో నాలుగు గాజు గొట్టాలు, ఒక స్పిరిట్ దీపం, లెక్కపెట్టి వాడే లిట్మస్ కాగితాలు. నిమ్మరసం తగిలి నీలం కాగితం ఎర్రబడగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పంకజాక్షి కొట్టలేదు, అప్పటికే కలలో ఉంది. ప్రతి వస్తువూ లోపల ఒక రంగు దాచుకుంటుందనీ, సరిగ్గా అడిగితే బయటపెడుతుందనీ ఆమెకు తోచింది. ఇంటికి పోయేదారిలో రాళ్ళనూ రేగుపళ్ళనూ కూడా అట్లాగే చూసింది.

"రికార్డులో మీరు చూసింది రాయండి. పుస్తకంలో ఏముండాదో నేను చదివే వచ్చినాను," అనేవారు అయ్యవారు. గైడు చూసి రాసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట.

పంకజాక్షి నాయన ఆదిమూలం చదువుకోలేదు. కానీ చుట్టుపక్కల గానుగలన్నిటికీ ఆయనదే సున్నం చెయ్యి. గానుగలోంచి కారే రసాన్ని అక్కడ చెరుకు పాలంటారు. పాలు బెల్లం వండే పెద్ద ఇనప పెనంలో కాగుతుండగా సున్నపు తేట పోయాలి. పులుపు విరిగి, మడ్డి పైకి తేలుతుంది. తక్కువ పోస్తే బెల్లం గట్టిపడదు, ఎక్కువైతే నల్లబడుతుంది. ఎంత పోయాలో ఆదిమూలం నాలుకకే తెలుసు. ఒక చుక్క చల్లార్చి నాలుకకు రాసుకుని, కళ్ళు మూసుకుని, చెంబు వంచేవాడు. ఆ కళ్ళు తెరిచేదాకా పెనం దగ్గర ఎవరూ నోరు మెదపరు.

ఆ యేడు తుపాను వానలకు చెరుకు నేలకు పడిపోయింది. పడిన చెరుకు పులుపెక్కుతుంది. ఆదిమూలం చెయ్యి రెండుసార్లు తప్పింది, బెల్లం అచ్చులోంచి సంగటిలాగా జారింది. సరిగ్గా అప్పుడే ఈ పిల్ల, పది అయినాక తిరుపతికి పోయి ఇంటర్లో సైన్సు చదువుతానని పట్టుబట్టి కూర్చుంది.

"చదివి ఏం చేస్తావు మే?" అని అడిగాడు ఆదిమూలం.

"ల్యాబులో పని చేస్తా నాయనా. దేంట్లో ఏముండాదో కనిపెట్టే పని. చక్కెర ఫ్యాక్టరీలో, ఆస్పత్రిలో అట్లాంటోళ్ళు కావల్లంట. అయ్యవారు చెప్పినాడు."

"అయితే ఆదివారం ఒక పెనం నీకిస్తా," అన్నాడు ఆదిమూలం. " సున్నం నువ్వే పొయ్యి. బెల్లం బాగా వస్తే తిరుపతికి పంపిస్తా. రాలేదంటే ఆ మాట మల్లా ఎత్తగూడదు."

లిట్మస్ స్కూలు సొత్తు, అడగడానికి నోరు రాలేదు. అయినా దాని అవసరమేముంది అనుకుంది. ఊర్లో పెళ్ళికూతుళ్ళ కాళ్ళకు పారాణి కలిపేది వరదమ్మే. పసుపుకు సున్నం తగిలితే ఎర్రనవుతుందని ఆ ఇంట్లో పసిబిడ్డకైనా తెలుసు. పంకజాక్షి నోటుపుస్తకం కాగితాలు చీల్చి, పసుపు నీళ్ళలో ముంచి, దండెం మీద ఆరేసింది. అవి గాలికి రెపరెపలాడుతుంటే తిరుపతి కాలేజీ కిటికీ తెరలే కళ్ళముందు ఆడాయి.

ఆదివారం పొద్దున మంచుకు పెనం ఆవిరి తోడైంది, ఎదురుగా ఉన్న మనిషి కనబడడం లేదు. ఆ తెల్లటి పొగలో తాను తెల్లకోటు వేసుకుని నిలబడినట్టుంది పంకజాక్షికి.

"ఏమ్మా డాక్టరమ్మా, పాలకు జెరం ఎంతుండాది?" అన్నాడు పొయ్యిలోకి పిప్పి ఎగదోసే కుప్పయ్య.

ఆమె నవ్వి ఒక చెంబు సున్నపు తేట పోసి, కాగితం ముంచింది. పసుపుగానే ఉంది. ఇంకో చెంబు. పసుపే. ఇంకొకటి. మడ్డి తేలి, పాలు తేటపడ్డాయి. వెనక నిలబడిన ఆదిమూలం గొంతు ఏదో చెప్పబోయినట్టు కదిలింది. ఆమె గమనించింది, గమనించనట్టే ఉండిపోయింది. మరో చెంబు పోసేసరికి కాగితం అంచు పారాణి రంగు తిరిగింది. ఆ క్షణంలో ఆమెకు ఎంత సంతోషమైందంటే, పెనంలో పాలు గోధుమరంగు తిరుగుతున్నది కూడా కనబడలేదు.

మధ్యాహ్నానికి అచ్చుల్లోంచి కాకిలాంటి నల్లటి బెల్లం వచ్చింది.

అందరూ ముఖాలు చూసుకుంటుంటే ఆదిమూలం గట్టిగా అన్నాడు. "చెరుకుది తప్పు. పడిన చెరుకు ఎవురి చేతిలో అయినా ఇంతే. పాపదేముండాది? తిరుపతికి పంపిస్తానన్న మాట మాటే."

పంకజాక్షి బతికిపోయాననుకుంది. కానీ చెరుకుది తప్పన్న ఆ మాట లోపల ముల్లులాగా ఉండిపోయింది. మర్నాడు స్కూలు వదిలాక అయ్యవారికి జరిగిందంతా చెప్పింది.

"పులుపంతా విరిగి, సున్నం మిగిలిపోయినప్పుడే పసుపు ఎర్రనయ్యేది," అన్నారాయన. "నువ్వు ఊరు దాటినాక దావ అడిగినావు. మందారపు రసం ఇంకొంచెం ముందే రంగు మారుతుందేమో, చేసి సూడు."

ఆ సాయంత్రం ఆమె రికార్డు రాసుకుని, గానుగ దగ్గర కూర్చున్న నాయన ముందు నిలబడింది. అది చదివి వినిపిస్తే తిరుపతి చదువు చేజారుతుందని తెలుసు. వినిపించకపోతే తిరుపతి చదువు దక్కుతుంది, కానీ అక్కడ రాయబోయే ప్రతి రికార్డులోనూ ఈ అబద్ధమే కనబడుతుంది. రికార్డు తెరిచింది. పైకే చదివింది.

"ఫలితం: బెల్లం నల్లబడినది. కారణం: చెరుకు కాదు, సున్నము ఎక్కువైనది. పసుపు ఎప్పుడు రంగు మారునో ముందుగా కొంచెం పాలలో పరీక్షించలేదు. మా నాయన చెప్పబోయినాడు, నేను వినిపించుకోలేదు. మందారపు పువ్వులతో మరల చేయవలెను."

"ముప్పై ఏండ్లలో నేను చెడగొట్టిన పెనాలు శానా ఉండాయి మే," అన్నాడు ఆదిమూలం. "ఆ తప్పు చెరుకు మీద పెట్టినాను, సున్నం మీద పెట్టినాను. ఒగసారి మీయమ్మ ఎదురొచ్చిందని ఆమె మీద పెట్టినాను. నాది తప్పని ఒగసారన్నా అనుకోలేదు."

తిరుపతి మాట ఎత్తకుండానే లేచి వెళ్ళిపోయాడు. ఆమె కూడా అడగలేదు. ఇంటికి పోయి, దండెం మీద మిగిలిన పసుపు కాగితాలు ఒక్కొక్కటే తీసి మడిచిపెట్టుకుంది.

తెల్లవారి మంచులో ఎవరో లేపితే కళ్ళు తెరిచింది. ఆదిమూలం తుండుగుడ్డ నిండా మందారాలు తెచ్చి ఆమె ఒడిలో పోశాడు. కల అనుకుని ఒక పువ్వు నలిపి చూసుకుంది. వేళ్ళు తడిసి ఎర్రబడ్డాయి.

"లెయ్. ఈ పెనం కూడా నీదే."

"మల్లా చెడిపోతే నాయనా?"

"రాసుకో. తిరుపతికి ఎట్లయినా పంపిస్తా, దానికీ దీనికీ సంబంధం లేదులే."

పెనం ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. పంకజాక్షి గిన్నెలో గులాబిరంగు మందారపు రసం పట్టుకుని, చెంబు పడ్డప్పుడల్లా చల్లార్చిన పాలు నాలుగు చుక్కలు అందులో వేసి రంగు చూస్తోంది. రెండు చెంబులు పడ్డాక ఆదిమూలం ఒక చుక్క నాలుకకు రాసుకుని అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. కుప్పయ్య నోరు మూసుకున్నాడు. ఆదిమూలం కళ్ళు తెరిచి కూతురి చేతిలోని గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఇంక చాలంటావుండాది నా నాలిక," అన్నాడు. "నీ పువ్వేమంటాది?"