పై కనుమ నాది

గొర్రెలను కొండ మీంచి దింపే రోజుకు ముందు సాయంత్రం ఊరంతా పడవల కొట్టం గోడ దగ్గర చేరుతుంది. మందపెద్ద హానుస్ గోడకు వీపు ఆనించి నిలబడి, ఎవరు ఎక్కడ నిలబడాలో వేలితో కొండ మీద చూపిస్తాడు. కాగితం ఉండదు, చర్చ ఉండదు. ఆ వేలు ఎటు చూపిస్తే తెల్లారేసరికి అటు ఎక్కాలి. ఫారో దీవుల్లో అక్టోబరు అంటే ఇదే.

ఆ ఏడాది వేలు మాలన్ దగ్గరికి వచ్చి కొండ వైపు కాకుండా ఊరి హాలు వైపు తిరిగింది.

"మాలన్, నువ్వు ఎల్స్‌బాతో పాటు సూప్ దగ్గర."

ఎల్స్‌బా హానుస్ భార్య. గంటె పట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మాలన్‌కు ఆమె మీద కోపమేమీ లేదు, సూప్ మీదా లేదు. కానీ సూప్ దగ్గర ఏమవుతుందో ఆమె చూసింది. కొండ దిగి వచ్చినవాళ్ళు బల్లల చుట్టూ కూర్చుని ఏ పొట్టేలు ఎక్కడ తిరగబడిందో చెప్పుకుంటారు. వండినవాళ్ళు వెనక నిలబడి వడ్డిస్తారు. మాలన్ వాళ్ళమ్మ చివరి ఏళ్ళన్నీ అలాగే వడ్డించింది. కొండను అరచేతిలా ఎరిగిన మనిషిని, "ఉప్పు ఉందా" అని తప్ప ఎవరూ ఏదీ అడగలేదు.

"నేను పైకి వస్తున్నాను" అంది మాలన్.

"మోకాలు వస్తుందా మరి?" అన్నాడు హానుస్. రెండేళ్ళ కిందట చేపల ఫ్యాక్టరీ మెట్ల మీద మంచుకు జారి విరిగిన ఆ మోకాలు ఇప్పటికీ సరిగా మడత పడదు.

"మోకాలు కొండ మీది ఫోన్ టవర్ దాకా కారులో వస్తుంది. అక్కణ్ణుంచి ఇది వెళ్తుంది." భుజానున్న సంచి తట్టింది.

సంచిలో ఏముందో అందరికీ తెలుసు. నవ్వులు లేచాయి.

"మొదటి డ్రోన్ ఏమైందే మాలన్?" అన్నాడు ముసలి పౌల్. "పాపం, దాన్నడక్కండర్రా. దాంతో సముద్రం అడుగున కాడ్ చేపలు పెళ్ళి ఫోటోలు తీసుకుంటున్నాయి."

"నీ ఫోటో మాత్రం వద్దన్నాయి పౌల్, అడిగాను."

ఈసారి నవ్వు పౌల్ మీదికి మళ్ళింది. హానుస్ నవ్వలేదు. పై కనుమకు అతనికి మనిషి తక్కువగా ఉన్నాడు. కనుమ అంటే ఎవరికీ ఇష్టం ఉండదు. రోజంతా గాలికి కూర్చోవాలి, దొడ్డి దగ్గరి సందడి ఒక్కటీ కంటపడదు. కానీ అక్కడ కాపలా లేకపోతే గొర్రెలు వెనక్కి తిరిగి కనుమ దాటతాయి. కనుమకు అవతల కొండ అంచు, దాని కింద సముద్రం.

"సరే. కనుమ చూసుకో. నిక్లాస్ నీ పక్కన ఉంటాడు. చేతులు వణికితే రిమోట్ వాడికిచ్చెయ్. దానివల్ల నా గొర్రె ఒక్కటి అంచు దాటినా, ఇకమీదట సూపే. మాట్లాడేది లేదు."

నిక్లాస్ మాలన్ వాళ్ళ అన్న కొడుకు. పట్నంలో పెళ్ళిళ్ళకు డ్రోన్‌తో వీడియోలు తీస్తాడు. ముప్పై దాటినవాడు, మంచివాడే. అందుకే ఆ మాట మరింత గుచ్చుకుంది.

చేతులు వణికే మాట నిజం. ఎగరేయడం మాలన్‌కు రాక కాదు. ఇంటి వెనక బంగాళాదుంపల మడి మీద, ఎవరూ లేనప్పుడు, డ్రోన్‌ను గాలిపటంలా ఆడించేది. ఎవరైనా గోడ పక్కన నిలబడి చూస్తే చాలు, బొటనవేళ్ళు రిమోట్ స్టిక్కుల మీద బిగుసుకుపోయేవి. వేసవిలో మొదటిది పోయింది అలాగే. గాలి తోసింది, పడవ దగ్గర నలుగురూ చూస్తున్నారు, ఆమె వేళ్ళు బిగించింది. ఎంత బిగిస్తే డ్రోన్ అంత జోరుగా వెళ్ళి నీళ్ళలో పడింది.

ఆ వేళ్ళు ఆ బిగింపు ఎక్కడ నేర్చుకున్నాయో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు నాన్న పక్షి గుడ్ల కోసం తాడు మీద కొండ అంచు దిగేవాడు. పైన తాడు పట్టేవాళ్ళలో ఆమె కూడా ఉండేది. భయం వేస్తే ఇంకా గట్టిగా పట్టుకో, అంతే. ఈ ఊళ్ళో అందరి చేతులకూ తెలిసింది అదొక్కటే. డ్రోన్‌కు కావాల్సింది దానికి సరిగ్గా ఎదురు. రెండు వేళ్ళూ ఎత్తేస్తే అది గాలిలో ఉన్నచోటనే తనంతట తాను నిలబడుతుంది. ఈ సంగతి మాలన్ బుర్రకెక్కింది. చేతులకే ఇంకా ఎక్కలేదు.

తెల్లారి టవర్ పక్కన కారాపి, చేపల డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. నిక్లాస్ పక్కనే నిలబడ్డాడు. కింద వాలు మీద మనుషులు బారుగా కదులుతున్నారు. కుక్కలు మొరుగుతున్నాయి. మంద తెల్లగా, నల్లగా, గోధుమ రంగుగా కిందికి జారుతోంది.

"అత్తా, చేతికి తొడుగులు వేసుకోలేదేం?"

"వేసుకుంటే స్టిక్కు తెలీదు."

"అబ్బే, వణుకు కనిపించదని."

"నువ్వు పెళ్ళికూతుళ్ళను చూసి చూసి మాటకారివి అయ్యావురా."

వాకీటాకీలో హానుస్ గొంతు గరగరలాడింది. "మాలన్! పొట్టేలు తిరిగింది! వెనక డజను ఉన్నాయి! కనుమకే వస్తున్నాయి!"

ఆమెకు అప్పటికే కనిపించాయి. కొమ్ములు మెలి తిరిగిన పొట్టేలొకటి బారులో సందు చూసుకుని పైకి పరుగెత్తుతోంది. డ్రోన్ లేచింది. దాన్ని గొర్రెలకు ఎదురుగా నిలపాలని ఆమె ఆలోచన. సగం దూరం వెళ్ళాక కనుమలోంచి గాలి కొట్టింది. డ్రోన్ పక్కకు కొట్టుకుపోయి గొర్రెల వెనక్కి వచ్చింది. కింద బారంతా ఆగి పైకి చూస్తోంది. ఆ చూపులు ఇంత దూరం నుంచీ ఒంటికి తగిలాయి. బొటనవేళ్ళు బిగుసుకున్నాయి.

ఇప్పుడు డ్రోన్ గొర్రెలను తరుముతోంది. కనుమ దాటించి అంచు వైపే తరుముతోంది.

"పట్టుకో! గట్టిగా పట్టుకో!" వాకీటాకీలో హానుస్. "నిక్లాస్‌కి ఇవ్వు!" అని ఎవరో. నిక్లాస్ చెయ్యి చాచాడు. "అత్తా, ఇలా ఇచ్చెయ్. ఇచ్చెయ్ చెబుతుంటే!"

"చెయ్యి తియ్యరా."

"గొర్రెలు పోతాయి!"

"పోతే నా చేతిలోంచి పోతాయి. నీ చెయ్యి తియ్యి."

మాలన్ రెండు బొటనవేళ్ళూ పైకెత్తింది. ఎత్తి ఊరుకోలేదు. కింద ఉన్నవాళ్ళందరికీ కనిపించేలా ఒళ్ళో రిమోట్ వదిలి రెండు చేతులూ గాలిలో చాచింది. ఆ చేతులు ఆకుల్లా వణుకుతున్నాయి. కింద ఎవరో "వదిలేసింది, వదిలేసింది" అని కేక వేశారు.

డ్రోన్ టక్కున ఆగి గాలిలో నిలబడింది. తరిమేది ఆగేసరికి గొర్రెలూ ఆగాయి. అంచుకు కొద్ది దూరంలో పొట్టేలు తల తిప్పి ఆ గుయ్‌మనే దాన్ని చూసింది.

"ఇప్పుడేం చేస్తావు?" నిక్లాస్ గొంతు తగ్గింది.

"చుట్టి వస్తాను. సముద్రం వైపు నుంచి."

"నీళ్ళ మీదనా? అంచు దగ్గర కిందనుంచి గాలి ఎలా లేస్తుందో నీకు తెలీదూ? నేనే ఎగరెయ్యను అక్కడ."

"నువ్వు ఎగరెయ్యకు మరి."

ఆమె మళ్ళీ రిమోట్ తీసుకుంది. ఒక్కసారి వేలితో తాకడం, వదిలేయడం. తాకడం, వదిలేయడం. గాలి తోసినప్పుడల్లా చేతులు బిగుసుకోవాలని చూశాయి, ఆమె వేళ్ళు ఎత్తేసింది. డ్రోన్ అంచు దాటింది. తెర మీద గడ్డి పోయి నురగ వచ్చింది, ఎంతో కింద. వాకీటాకీలో హానుస్ ఏదో అరుస్తున్నాడు. మాలన్ దాన్ని కాలితో దూరంగా నెట్టేసింది.

డ్రోన్ సముద్రం వైపు నుంచి అంచు మీదికి లేచి గొర్రెలకు ఎదురుగా నిలిచింది. పొట్టేలు ముందు కాళ్ళతో నేల తన్నింది. తర్వాత తిరిగింది. మిగతావి దాని వెనకే తిరిగి, కనుమలోంచి కింద బారు మీదికి దూసుకుపోయాయి. ఒక్క ముసలి గొర్రె మాత్రం బెదిరి పక్కకు దూకి, అంచుకు కాస్త దిగువనున్న రాతిగట్టు మీద పడింది. అక్కడ నాలుగు కాళ్ళ మీదా నిలబడి గడ్డి కొరకడం మొదలుపెట్టింది.

దాన్ని తాడు మీద మనిషిని దింపి తెచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అది హానుస్ సొంత గొర్రె.

హాల్లో సూప్ ఆవిర్లు కక్కుతోంది. మాలన్ బల్ల దగ్గర కూర్చుంది, వడ్డించేవాళ్ళ వైపు కాదు. ఎల్స్‌బా ఆమె గిన్నె నింపి, "నీ చోట నేను రెండింతలు ఉల్లిపాయలు తరిగాను, ఏమనుకున్నావు" అంది.

"ఏడ్చావా?"

"ఉల్లిపాయలకే."

హానుస్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వచ్చే శనివారం ఉత్తరం వైపు కొండ మీంచి గొర్రెలను దింపాలి. అందరూ ఇక్కడే ఉన్నారు కనుక చోట్లు ఇక్కడే చెప్పేస్తాడని తెలుసు.

"నా గొర్రె అంచు దాటింది" అన్నాడు.

"గట్టు మీద మేసింది. నీకంటే కడుపు నిండా తింది."

"దాటితే సూప్ అని చెప్పాను కదా."

"నువ్వు చెప్పావు. నేను ఒప్పుకోలేదు." మాలన్ గిన్నె ఎత్తబోయింది, సూప్ బల్ల మీద ఒలికింది. చేతి వణుకు దాచలేదు. "కనుమలో ఎవరూ లేకపోయుంటే ఆ పొట్టేలు వెనక డజనూ ఎటు పోయేవో నీకూ తెలుసు, పౌల్‌కీ తెలుసు. ఉత్తరం వైపు పై కనుమ కూడా నాదే. ఇంకెవరికైనా కావాలంటే చెప్పమను."

ఎవరికీ కావాలని లేదు. పౌల్ రొట్టె ముక్క మీద ఎండు మాంసం పేర్చుకోవడంలో మునిగిపోయాడు. నిక్లాస్ చెయ్యెత్తి, "నేను ఆమె పక్కన కూర్చుంటాను. రిమోట్ అడగను" అన్నాడు.

హానుస్ ఆమె చేతుల వైపు చూశాడు.

"ఇంకా వణుకుతూనే ఉన్నావు కదే."

"వణుకుతూనే వస్తాను."

హానుస్ వేలు ఎత్తాడు. కిటికీలోంచి ఉత్తరం కొండ కనిపిస్తోంది. వేలు మాలన్ మీంచి పై కనుమ మీదికి వెళ్ళి, ఒక్క క్షణం ఆగి పక్కకు కదిలింది.

"పౌల్, నువ్వు వాగు దగ్గర" అన్నాడు.