రాసిన రేటుకే నాలుగు టైర్లు

ముంచింగిపుట్టు జీపుల స్టాండులో ఫల్గుణ బండిని నంబరుతో ఎవరూ పిలవరు. ‘ఆగని జీపు’ అంటారు. పాపం, ఇంజినుకి వంక పెట్టడానికి లేదు. పోయిన వానాకాలం ఘాటీ దిగుతూ మలుపులో ఫల్గుణ బ్రేకు తొక్కాడు. బ్రేకు పడింది, చక్రాలు ఆగాయి, జీపు మాత్రం ఆగలేదు. టైర్లు అరిగి అరిగి నున్నటి గుండ్లయిపోయాయి మరి. తడి రోడ్డు మీద తాపీగా జారుకుంటూ పోయి కాఫీ తోటలో ఒక సిల్వరోక్ చెట్టుకి ఆనుకుని నిలబడింది. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. కాకపోతే లోపలున్న పదకొండు మందీ పదకొండు ఊళ్ళవాళ్ళు. సాయంత్రానికల్లా పదకొండు ఊళ్ళకీ కబురు అందిపోయింది.

అంతే. ఆ రోజు నుంచి సంతకొచ్చిన జనం వేరే జీపుల వెనక ఒంటికాలి మీదైనా వేలాడతారు గాని ఫల్గుణ జీపు మొహం చూడరు. పసిపిల్లలున్న తల్లులైతే మరీ అన్యాయం, ఆ జీపు పక్కనుంచి నడవాల్సొస్తే బిడ్డను ఇటు చంక నుంచి అటు చంకకి మార్చుకుంటారు. అది చూసినప్పుడల్లా ఫల్గుణకి తల తీసేసినట్టుండేది. క్లీనర్లు కూడా నిలవలేదు. చివరికి భార్య సత్యకుమారే కొంగు బిగించి జీపు వెనక మెట్టెక్కింది. రేకు మీద రెండు దెబ్బలు కొడితే పోనీమని, ఒక దెబ్బ కొడితే ఆపమని. ఎక్కేవాళ్ళే లేరు కాబట్టి ఆవిడ కొట్టేదీ తక్కువే.

ఇలా ఉండగా ఆ ఎండాకాలం జీపుల యూనియన్ వాళ్ళకి ఒక సరదా పుట్టింది. కోతలైపోయిన మెట్ట పొలంలో గుండ్రంగా బాట తీసి జీపుల పందెం పెడతామన్నారు. ఇరవై చుట్లు. రోజూ జనాన్ని మోసే సర్వీసు జీపులే రావాలి. ఇంజిను మీద చెయ్యి వెయ్యకూడదు, క్లీనరు వెనక మెట్టు మీద నిలబడి తీరాలి. మార్చుకుంటే టైర్లు మార్చుకోవచ్చు. గెలిచినవాడికి డబ్బూ లేదు, కప్పూ లేదు. ఏడాది పాటు సంత రోజు సీరియల్లో, అంటే జీపులు బయల్దేరే వరసలో, మొదటి నంబరు.

మొదటి నంబరంటే మాటలా! మొదటి జీపు నిండేదాకా రెండో జీపులో ఒక్కరినీ ఎక్కించకూడదని స్టాండు రూలు. ఇష్టమున్నా లేకపోయినా జనం దాన్లో ఎక్కాల్సిందే. ఈ ముక్క వినగానే ఫల్గుణకి ప్రాణం లేచొచ్చింది.

“గెలిస్తే మన జీపే ఎక్కాల. ఏరే దారి నేదు” అన్నాడు ఇంటికొచ్చి.

సత్యకుమారి రాగి అంబలి కలుపుతూ తలెత్తింది. “ఏ టైర్లతో గెలుత్తావు? ఆ గుండ్లతోనా?”

“కొత్తవి కొందుం.”

“కొందుం. కానీ ఒక్కమాట. పందెం ఒక్క పూట. వానలు నాలుగు నెలలు. రెంటికీ అయ్యే టైర్లే ఉండాల. పందేనికో జత, ఘాటీకో జత కొనడానికి మనకేటి కాఫీ తోటలున్నాయా?”

ఫల్గుణ అంబలి గిన్నె అందుకుని తలూపాడు.

మర్నాడు ఇద్దరూ పోలయ్య టైర్ల కొట్టుకి వెళ్ళారు. పోలయ్య ఎస్.కోట వైపు మనిషి, పాతికేళ్ళుగా ఇక్కడే పంక్చర్లు వేస్తున్నాడు. సంత రోజు కావడంతో కొట్టు ముందు మరో పదిమంది పనిలేక నిలబడి ఉన్నారు. ఫల్గుణ చూపు సరాసరి వెళ్ళి కొత్త టైర్ల జత మీద పడింది. నల్లగా నిగనిగలాడుతున్నాయి. రబ్బరు మెత్తగా ఉంది.

“రవిబాబు ఇయ్యే అట్టుకెల్లేడు” అన్నాడు పోలయ్య. రవిబాబంటే స్టాండులో అందరికన్నా జోరుగా తోలేవాడు, పోయిన ఏడాదంతా మొదటి నంబరు వాడిదే. “నేలని పట్టీసుకుంటాయి. మలుపులో ఒగ్గవు.”

సత్యకుమారి వంగి బొటనవేలి గోరు గుచ్చింది. గోరు దిగిపోయింది.

“ఇదేటి మావా, జున్నుముక్కలా ఉంది. మన రాళ్ళ మీద ఎన్నాళ్ళుంటాది?”

పోలయ్య నీళ్ళు నమిలాడు. “పందెం అయితే అయిపోద్దమ్మా...”

“పందెం అయిపోద్దో, టైరే అయిపోద్దో!”

జనం గొల్లుమన్నారు. ఫల్గుణ మొహం మాడ్చుకున్నాడు. పక్కన రీబటన్ టైర్లు చూపించాడు పోలయ్య, పాత టైరు మీద కొత్త రబ్బరు అంటించినవి. చవకే. సత్యకుమారి అంచు పట్టుకుని అటూ ఇటూ లాగి చూసింది. “పైన కొత్త సీరే గాని లోన పాత మనిసే. ఘాటీలో ఊడిపోతే?” అని అవీ పక్కకు తోసేసింది.

ఆఖరుకి మూలనుంచి దుమ్ముపట్టిన టైర్లు నాలుగు దొర్లించుకొచ్చాడు పోలయ్య. ఏదో ఆఫీసు జీపు నుంచి దిగినవట. గోరు గుచ్చితే గోరే వంగింది. రబ్బరు మీద గాళ్ళు లోతుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి.

“పాత టైర్లకి ఇంత గాడి ఎలాగ ఉంది?” అనుమానపడ్డాడు ఫల్గుణ.

“ఆ సారు ఎప్పుడూ గెస్టౌసు దాటి కొండెక్కనేదురా బాబూ. టైరు అరగమంటే ఎక్కడ అరుగుద్ది?” అన్నాడు పోలయ్య. “పరుగు కొంచెం తక్కువే. కానీ మూడు వానాకాలాలు లాగుతాయి, నాదీ పూచీ. పందెం రోజు గాలి కాస్త తగ్గించుకో, పట్టు వొస్తాది. టైరు కొన్నప్పుడు పక్కన ఈ నాలుగంకెలు సూసుకోవాల, తెలుసా? అదే అసలు సంగతి.”

సత్యకుమారి చూసింది. 1822 అని ఉంది. పోలయ్య చేసిన పొరపాటల్లా ఆ అంకెల గురించి ఎత్తడమే.

“ఒక్కోటి రెండున్నరవేలు” అన్నాడతను.

“అదేటి మావా? పద్దెనిమిదొందల ఇరవై రెండని రాసుంటే రెండున్నరవేలంటావు?”

పోలయ్య నోరు వెళ్ళబెట్టాడు. “అది రేటు కాదమ్మా! అది తయారైన తేదీ. ఇరవై రెండో సంవత్సరం, పద్దెనిమిదో వారం.”

“ఏ వారం? సంత వారమా? బిస్కట్ పేకట్టు మీద రేటుంటాది, సబ్బు మీద రేటుంటాది. టైరు మీద మట్టుకు వారముంటాదా? నాలుగంకెలు సూసుకోమన్నది నువ్వే కదా!”

పనిలేక నిలబడ్డ పదిమందికీ పని దొరికింది. “నిజమే పోలయ్యా, రాసిన రేటుకే ఇయ్యాల” అని ఒకడు. “ఎక్కువ తీసుకుంటే కేసవుద్ది” అని మరొకడు. పోలయ్య చెమటలు కక్కుతూ వారాలు లెక్కపెట్టి చెప్పబోయాడు. ఎవరు వింటారు? ఈలోగా సత్యకుమారి నింపాదిగా ఆ కొత్త మెత్త టైర్ల దగ్గరికి నడిచి, వంగి, పైకి చదివింది. “సున్నా తొమ్మిది రెండు అయిదు. ఓలమ్మా, ఇది తొమ్మిదొందల పాతికే!”

జనం అప్పుడే ఆ టైర్ల మీదకి వంగుతున్నారు. పోలయ్య ఒక్క ఉరుకున వచ్చి వాటి మీద గోనెపట్టా కప్పేశాడు. “పట్టుకుపోండమ్మా తల్లీ! పద్దెనిమిదొందల ఇరవై రెండుకే పట్టుకుపోండి. బేగి ఎల్లండి!”

దారిలో ఫల్గుణ మెల్లగా అడిగాడు. “నువ్వు నిజంగా రేటనుకున్నావేటే?”

“నాను టెన్తు పాసయ్యేను” అంది సత్యకుమారి.

పందెం రోజు రానే వచ్చింది. మర్నాడు సంత. అయిదు జీపులు బారు తీరాయి. యూనియన్ పెద్ద తాతారావు తువ్వాలు ఊపాడు. రవిబాబు జీపు నేలకి అతుక్కున్నట్టు మలుపులు తిరుగుతుంటే జనం ఈలలు వేశారు. ఫల్గుణ జీపు మొదటి అయిదు చుట్లూ అందరికన్నా వెనకే. “ఓరి ఆగని జీపూ, కదలనైనా కదలవేటిరా!” అని గట్టు మీదనుంచి ఎవరో అరిచారు. ఫల్గుణ చెవులు ఎర్రబడ్డాయి. వెనకనుంచి సత్యకుమారి మాత్రం రేకు మీద రెండేసి దెబ్బలు కొడుతూ, “పోనీ, పోనీ! తొందరపడకు, ఆళ్ళ టైర్లు అరుగుతున్నాయి!” అని అరుస్తూనే ఉంది.

ఆవిడన్నట్టే అయింది. పదో చుట్టుకి ఎర్రమట్టి కింద రాళ్ళు తేలాయి. మెత్త టైర్ల ముక్కలు ఎగిరి గట్టు మీద జనం ఒళ్ళో పడసాగాయి. పన్నెండో చుట్టులో రెండు జీపులు మూలిగి పక్కకు తప్పుకున్నాయి. మరొకటి నత్తనడకన పడింది. రవిబాబు మలుపు మలుపుకీ తోక ఊపుతూ గట్టు దాకా జారిపోతున్నాడు. ఫల్గుణ జీపు మొదటి చుట్టు ఎంత జోరుతో తిరిగిందో పదిహేడో చుట్టూ అంతే జోరుతో తిరిగింది. పద్దెనిమిదో చుట్టులో రవిబాబుని దాటేశాడు. గట్టు మీద ఈలలు ఆగిపోయాయి. అందరూ ముక్కున వేలేసుకున్నారు.

ఆఖరి చుట్టు. వెనక రవిబాబు చాలా దూరంలో ఉన్నాడు. ఫల్గుణ మనసులో సంత రోజు స్టాండు, మొదటి నంబరు, నిండిన జీపు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. ఇంక ఒకే ఒక్క మలుపు.

ఆ మలుపులో సుక్రి ముసలమ్మ నిలబడి ఉంది.

సుక్రి ముసలమ్మ పై ఊరి నుంచి చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని, మర్నాటి సంతకని దిగుతోంది, రాత్రికి లక్ష్మీపురంలో చుట్టాలింట్లో పడుకుందామని. పందెం సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తాడు కిందనుంచి దూరి వచ్చేసరికి జీపులు వరసగా పోతున్నాయి. ఇదేదో కొత్త సర్వీసనుకుంది. అప్పటికి రెండుసార్లు చెయ్యెత్తింది. రెండుసార్లూ మొహాన దుమ్ముకొట్టి పోయారు. మూడోసారి ఫల్గుణ జీపు కనిపించింది. ముసలమ్మ మళ్ళీ చెయ్యెత్తింది.

పద్నాలుగేళ్ళుగా చెయ్యెత్తితే ఆపిన కాలు అది. ఫల్గుణ బుర్రకి సంగతి ఎక్కేలోపలే కాలు బ్రేకు మీద పడిపోయింది. అదే క్షణంలో వెనక రేకు మీద ఠంగుమని ఒకటే దెబ్బ. జీపు ఉన్నచోటే ఠక్కున నిలబడింది. సత్యకుమారి కిందకి దూకి, “బేగి ఎక్కు మామ్మా, బేగి! బుట్ట ఇలాగియ్యి!” అంటూ ముసలమ్మని పైకి తోసి, రెండు దెబ్బలు కొట్టింది.

“లచ్చింపురం ఎల్తాదా నాయినా?” అడిగింది సుక్రి ముసలమ్మ సర్దుకు కూర్చుంటూ.

“ఎల్తాది మామ్మా, కూకో” అన్నాడు ఫల్గుణ. అన్నాక తెలివొచ్చింది. పక్కనుంచి రవిబాబు జీపు పీలికలైన టైర్లతో కుంటుకుంటూ దాటిపోయి గీత మీద పడింది.

అయ్యో, ఆ నవ్వులు! గట్టు మీద జనం కడుపులు పట్టుకుని దొర్లారు. తాతారావు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఫల్గుణ రెండోవాడిగా గీత దాటాడు, వెనక సీట్లో చింతపండు బుట్టతో ముసలమ్మని కూర్చోబెట్టుకుని. దిగకుండా నేరుగా ఇంటికి తోలుకుపోయాడు. మధ్యలో ముసలమ్మని లక్ష్మీపురం దారిలో దింపడం మాత్రం మర్చిపోలేదు.

“నాను ఒక దెబ్బ కొట్టేను, సరే. నువ్వెందుకాపీసేవు?” అంది సత్యకుమారి ఇంటికెళ్ళాక.

“నువ్వు కొట్టకముందే ఆపీసేను.”

“మరెందుకాపేవు?”

“చెయ్యెత్తింది కదే!” అన్నాడు ఫల్గుణ. ఏడాది ఎదురుచూసిన సంగతి చేతికందేదాకా వచ్చి జారిపోయింది. అతనికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. సత్యకుమారి వచ్చి పక్కన కూర్చుంది.

వాళ్ళు వచ్చేశాక పొలంలో జరిగిన సంగతి వాళ్ళకి తెలియదు. పోలయ్య తన సరుకు ఎలా పనిచేసిందో చూద్దామని ఆ మలుపు దగ్గరికెళ్ళాడు. ఎర్రమట్టిలో నాలుగు టైర్ల అచ్చులూ నిలువునా దిగి ఉన్నాయి. ఎక్కడా పక్కకి జారలేదు. ముసలమ్మ పాదాల గుర్తులకి మూరెడు ఇవతల ఆగిపోయాయి. “ఇటు రండర్రా, సూడండి!” అని పోలయ్య అందరినీ పిలిచి చూపించాడు. సగం వ్యాపారం కోసమే అనుకోండి. పదకొండు ఊళ్ళవాళ్ళు వంగి వంగి చూశారు.

సంత రోజు మధ్యాహ్నం సీరియల్లో మొదట రవిబాబు జీపు నిలబడింది. ముందు టైర్లలో నూలుపోగులు బయటికి కనిపిస్తున్నాయి. ఫల్గుణ తన జీపుని వరస చివర పెట్టి, స్టీరింగు మీద తలవాల్చి కూర్చున్నాడు. బయట ఏదో గొడవ వినిపిస్తే తలెత్తాడు.

“సీరియల్! సీరియల్ ప్రకారం ఎక్కాల!” అని తాతారావు అడ్డంగా చేతులు చాపి అరుస్తున్నాడు. ఆ చేతుల కిందనుంచి సుక్రి ముసలమ్మ వంగి వచ్చేసింది. వెనక మరో ఎనిమిది మంది ఆడవాళ్ళు, బుట్టలు, గొడుగులు.

“సీరియలూ గీరియలూ మాకు తెల్దు నాయినా. నిన్న జీపులన్నీ నా మొకాన దుమ్ము కొట్టుకుని ఎల్లిపోనాయి. ఈ గుంటడొక్కడే ఆగేడు. మేం దీన్లోనే ఎల్తాం.”

“పందెంలో ఆగేడే పిచ్చిదానా!”

“పందెంలోనే ఆగినోడు ఘాటీలో ఆగడేటి?”

తాతారావు చాపిన చేతులు దించేశాడు. సత్యకుమారి అప్పటికే బుట్టలు అందుకుంటోంది. జీపు వెనక భాగం నిండిపోయింది. ముందు సీటు దగ్గరికి పసిబిడ్డతో ఒక తల్లి వచ్చి నిలబడింది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో బిడ్డ. ఎక్కడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆవిడ సంచిని దింపలేదు. బిడ్డని ఎత్తి ముందు ఫల్గుణ చేతుల్లో పెట్టి, అప్పుడు తను ఎక్కి కూర్చుంది. ఫల్గుణ ఆ బిడ్డని రెండు చేతులా పట్టుకుని, తల్లికి తిరిగి ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేశాడు.