తీరిగ్గా వచ్చే దద్దుర్లు

సోఫాలు చేసే మేస్త్రి భార్య కూర్చోలేకపోతోందన్న సంగతి బయటికి పొక్కకూడదని ఆ ఇంట్లో ముగ్గురూ అనుకున్నారు. కానీ కొట్టు ముందు భాగమంతా అద్దమే. ఆమె మిషన్ ముందు నిలబడి, వంగి, ఒంటికాలితో తొక్కుతూ సోఫా కవర్లు కుట్టడం వచ్చేపోయేవాళ్ళందరూ చూశారు.

"వాడు చేసిన సోఫాల్లో ఊరంతా కూర్చుంటోంది. నువ్వొక్కదానివే నిలబడ్డావు," అంది అత్తగారు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఆస్పత్రిలో ఆమె గర్భసంచిలో పిండాన్ని పెట్టారు. అది నిలదొక్కుకోవడానికి రోజూ సాయంత్రం నడుం కింద, ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు, నూనెలో కలిపిన మందు సూది వెయ్యాలి. మొదటి సూది నర్సే వేసి, అరగంట కూర్చోబెట్టి చూసింది. ఏమీ కాలేదు. "మందు పడింది," అని మిగతా సూదుల పని మేస్త్రికి అప్పగించింది. సూదితో బతికే చెయ్యి కాబట్టి తొందరగానే నేర్చుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ఆ మొదటి చోట అరచెయ్యంత దద్దురు లేచింది. ముందురోజు వేసిన చోటు శుభ్రంగా ఉంది. మర్నాటికి అదీ లేచింది. ఇంత తీరిగ్గా వచ్చేదాన్ని చూసి సూదినెవరు అనుమానిస్తారు? అత్తగారు సబ్బును అనుమానించి పారేసింది. దుప్పట్లను అనుమానించి ఉడకబెట్టింది. పిల్లిని అనుమానించి తరిమేసింది. మేస్త్రి తన చెయ్యినే అనుమానించాడు. ఆ మాట నోటితో అనలేక, మెత్తటి స్పాంజితో, మధ్యలో గుంట పెట్టి ఒక దిండు కుట్టాడు. పిల్లి తిరిగొచ్చి అందులో పడుకుంది.

మూడో దద్దురుకే కోడలికి సంగతి అర్థమైంది. చెప్పలేదు. చెబితే మందు ఆపేస్తారు. మందు ఆపితే లోపల ఉన్నది నిలవదు. దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. మందునే ఓర్చుకోలేని ఈ ఒళ్ళు, లోపలికొచ్చిన కొత్తదాన్ని ఊరికే వదులుతుందా? అందుకని నిలబడి కవర్లు కుట్టుకుంటూ పోయింది. ఆ వారం కుట్లు కొంచెం వంకరగా వచ్చాయి.

మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళిన రోజు అత్తగారు కూడా వెంట వచ్చింది.

"కూర్చోండి," అంది డాక్టరమ్మ.

"అదొక్కటే అడక్కండి," అంది అత్తగారు. "మిగతావన్నీ చేస్తుంది."

మేస్త్రి తల వంచుకున్నాడు. "నా చెయ్యి మంచిది కాదేమోనండి."

డాక్టరమ్మ కోడల్ని తెర వెనక్కి తీసుకెళ్ళి చూసింది. "ఎన్నాళ్ళనుంచి దాస్తున్నారు?"

"మందు ఆపేస్తారని చెప్పలేదండి."

"ఆపను. మారుస్తాను. మీ ఒళ్ళు ఆ నూనెతో గొడవ పడుతోంది. కొందరికి వెంటనే తెలుస్తుంది, కొందరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మేం అరగంటే చూశాం."

"మరి లోపల దానితో కూడా గొడవ పడుతుందాండి?"

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా. నిలుస్తుందని మాటివ్వలేను గానీ, ఈ దద్దుర్లు చూసి భయపడకండి."

నూనె లేని మాత్రలిచ్చింది. దురదకి పూత రాసిచ్చింది.

"మరి నా సబ్బు?" అంది అత్తగారు బయటికొచ్చాక.

సూదులు ఆగినా దద్దుర్లకి ఆ కబురు వెంటనే అందలేదు. ఇంకో రెండు లేచి, తర్వాత మెల్లగా అణిగాయి.

రక్తపరీక్ష ఫలితం చెప్పడానికి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు కోడలు కొట్టులో, అలవాటు కొద్దీ నిలబడే ఉంది. నర్సు గర్భం వచ్చిందని చెప్పింది. ఇంకా జాగ్రత్తగా ఉండాలని కూడా చెప్పింది. కోడలు "సరేనండి" అని ఫోన్ పెట్టేసి, ఎదురుగా అప్పుడే పూర్తయిన సోఫాలో మెల్లగా కూర్చుంది. కొంచెం మండింది. లేవలేదు.

ఆమె మొహం చూసి మేస్త్రికి విషయం తెలిసిపోయింది.

"అది వేరేవాళ్ళది. సాయంత్రం తీసుకెళ్తారు," అన్నాడు.

"వాళ్ళకి ఇంకోటి చేసిపెట్టు," అంది అత్తగారు, లోపల్నుంచి వచ్చి కోడలి పక్కన కూర్చుంటూ.