పరుగులో ఉన్న తండ్రి

ఆ ఇంట్లో పొద్దున పూట దోమకు కూడా వాలడానికి తీరిక దొరకదు. వాలుదామని వచ్చిన దోమ, అటూ ఇటూ దూసుకుపోయే మనుషుల్ని చూసి కళ్ళు తిరిగి, పక్కింటికి పోయి కాసేపు కూర్చునేదట!

నాన్న బస్సు డ్రైవరు. బస్సెక్కితే మహా నిదానస్తుడు. ఇంట్లో మాత్రం ఒక కాలికి బూటు, రెండో కాలికి చెప్పు తొడుక్కుని డ్యూటీకి పోయిన చరిత్ర ఉంది. అమ్మ ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో ఆడవాళ్ళ బట్టలన్నీ కుడుతుంది. మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి, దాంతోనే స్నానం చేసి వచ్చిన ఘనత ఆమెది. నానమ్మ గొంతెత్తి పాట పాడితే వంటింట్లో గిన్నెలు తాళం వేస్తాయి. ఇక వాళ్ళ ఒక్కగానొక్క పిల్ల, ఒకటో తరగతి. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ అది టపాకాయే.

టపాకాయ తలుపుతో మాట్లాడుతుంది, దిండుతో పోట్లాడుతుంది, గుండీలకు పెళ్ళిళ్ళు చేస్తుంది. దాని వాగుడు భరించలేక గోడ మీది బల్లి ఇల్లు మారిపోయిందని నానమ్మ ఒట్టేసి చెబుతుంది.

ఇంత హడావిడిలోనూ వాళ్ళు పొద్దుటి ప్రార్థన మానరు. నాన్న చెయ్యి తలుపు గొళ్ళెం మీద ఉంటుంది, అమ్మ పెదవుల మధ్య గుండుసూదులుంటాయి, నానమ్మ మధ్యలో నిలబడి మొదలుపెడుతుంది. బైబిల్లోని పరలోక ప్రార్థన ఎక్స్‌ప్రెస్ బండిలా దడదడా సాగిపోతుంది. ఆ తర్వాత ఎవరి వంతు వాళ్ళు దేవుడితో ఓ మాట చెప్పుకోవాలి. నాన్న బ్రేకుల గురించి చెబుతాడు, నానమ్మ మోకాళ్ళ గురించి చెబుతుంది. టపాకాయ వంతు వస్తే ఒక్కటే మాట.

"ఆమేన్."

అంతే! గుండీల పెళ్ళికి గంటసేపు ఉపన్యాసం ఇచ్చే పిల్ల!

ఇదే అమ్మకు దిగులు. చదువు చెప్పడానికి బడి ఉంది. దేవుడితో మనసు విప్పడం మాత్రం ఇంట్లోనే అబ్బాలి. అది అబ్బలేదంటే తానే ఎక్కడో కుట్టు తప్పినట్టు. ఎక్కడ తప్పిందో తెలిస్తే విప్పి మళ్ళీ కుట్టేది. తెలియడం లేదే!

"పిల్ల లోకమంతటితో మాట్లాడుతుంది గానీ దేవుడి దగ్గర నోరు విప్పదేంటమ్మాయ్?" అని నానమ్మ అన్నప్పుడల్లా అమ్మ మిషను ఇంకాస్త జోరుగా తొక్కేది.

ఆ రోజు నాన్నకు మధ్యాహ్నం డ్యూటీ. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఆదివారం సండేస్కూల్లో టపాకాయ ఒక్కతే నిలబడి పరలోక ప్రార్థన చెప్పాలి. నానమ్మ దాన్ని ఎదురుగా నిలబెట్టింది.

"కళ్ళు మూసుకో. ఊఁ, నిదానంగా చెప్పు."

టపాకాయ చేతులు జోడించింది. "పరుగులో ఉన్న మా తండ్రీ..."

మిషను ఠక్కున ఆగింది. నానమ్మ ఎంత గట్టిగా నవ్విందంటే కట్టుడుపళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. వాటిని అక్కడే ఉంచి మరీ నవ్వింది.

"పరుగులో ఏంటే! పరలోకమందున్న! దేవుడుండే చోటే, పరలోకం!"

టపాకాయ మూతి బిగించింది. "మీరంతా గబగబా అంటే నాకెలా తెలుస్తుంది? నాకట్లాగే వినపడింది."

అమ్మ దాన్ని దగ్గరికి లాక్కుంది. "అందుకేనా బంగారూ, నీ వంతొస్తే ఆమేన్ అనేసి ఊరుకుంటున్నావ్?"

"మరి! పరుగులో ఉన్నవాళ్ళని ఆపకూడదని నువ్వేగా అన్నావ్. నాన్నని ఆపితే బస్సులో వాళ్ళంతా తిడతారన్నావ్. ఇంక దేవుణ్ణి ఆపితే ఎంతమంది తిడతారో!"

సూది వేలిలో దిగినా కిక్కురుమనని మనిషి అమ్మ. ఇప్పుడు మాత్రం ఆమెకు కళ్ళు చెమర్చాయి.

నాన్న సగం మొహాన నురగతోనే వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. "అదన్న దాంట్లో తప్పేముందే? ఆయన పరిగెత్తేవాడే."

"పిల్లని దిద్దాల్సింది పోయి, ఏం మాటల్రా అవి!" అంది నానమ్మ పళ్ళు పెట్టుకుంటూ.

"నువ్వు చెప్పిన బైబిలు కథేగా అమ్మా! ఆస్తి పంచుకుపోయి అంతా తగలేసి, పందులు మేపుకుని, సిగ్గుతో ఇంటిదారి పట్టాడే కొడుకు. వాడింకా అంత దూరంలో ఉండగానే వాళ్ళ నాన్న ఏం చేశాడు?"

నానమ్మ నవ్వాపేసింది. "పరిగెత్తాడు," అంది మెల్లగా. "ఎదురు పరిగెత్తి కావలించుకున్నాడు."

నాన్న కూతురి ముక్కుకు నురగ అంటించాడు. "విన్నావా? జనం బస్సు వెనకాల పరిగెడతారు, అది రోజూ చూస్తున్నదే. కానీ బస్సే నీ వెనకాల పరిగెత్తుకొచ్చి, 'అమ్మా టపాకాయమ్మగారూ, ఎక్కండి, మీరెక్కేదాకా కదలను' అంటే ఎట్లా ఉంటుంది? దేవుడు అట్లాంటి బస్సు."

టపాకాయ ముక్కు మీది నురగ తుడుచుకుంది. "టిక్కెట్టు?"

"అక్కర్లేదు."

"అయితే ఇప్పుడు చెప్పొచ్చా?"

అమ్మ మిషను మీది గుడ్డ పక్కన పడేసి కింద కూర్చుంది. బడికి వేళయింది. ఎవ్వరూ ఆ మాట ఎత్తలేదు.

"దేవుడూ, మా బడి బాత్రూం గడియ బిగుసుకుపోయింది. మొన్న లోపలే ఉండిపోయాను. పిలిస్తే ఎవ్వరికీ వినపడలేదు. చాలా ఏడ్చాను. అప్పట్నుంచి వెళ్ళట్లేదు, కడుపు నొప్పొస్తోంది. ఇంట్లో చెబుదామంటే అందరూ పరుగులో ఉన్నారు. నువ్వు కూడా అనుకున్నాను. ఆమేన్."



ముందుగా లేచింది అమ్మే. మిషను నూనె సీసా కొంగులో కట్టుకుంది. మెడలో టేపు అలాగే ఉంది. పిల్ల చెయ్యి పట్టుకుని బడికి నడిచింది.

బళ్ళో ఆయమ్మతో చెప్పి, గడియకు అటూ ఇటూ నూనె పోసి, అది జున్నుముక్కలా జారేదాకా ఆడించింది. టపాకాయ లోపలికెళ్ళి వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. ఆ తర్వాత ఎంతసేపటికీ బయటికి రాలేదు. లోపల్నుంచి గుసగుసలు.

అమ్మ గాభరాగా తలుపు తట్టింది. "ఏమేవ్, ఇరుక్కున్నావా? ఎవరితో మాటలే?"

"ఉండమ్మా!" లోపల్నుంచి విసుగ్గా వచ్చింది జవాబు. "మొన్న ఏడ్చిన సంగతి వరకే చెప్పాను. గుండీల పెళ్ళి సంగతి ఇంకా మొదలే పెట్టలేదు!"

అమ్మ అక్కడే గోడకానుకుని నిలబడింది.