బొమ్మ లేని పటం

ఎలక్ట్రీషియన్ ఇంటికి వాళ్లక్క ఒక పెద్ద పటం తెచ్చింది. ఆవిడ బొమ్మలు వేస్తుంది. తమ్ముడి భార్య కాన్పులో బిడ్డను పోగొట్టుకుని నెల దాటింది. ఓదార్పు మాటలు చేతకాక, తను వేసింది పట్టుకొచ్చింది. దాంట్లో మనిషి లేడు, చెట్టు లేదు. బూడిదరంగు మీద బూడిదరంగు, అక్కడక్కడ పసుపు, ఒక మూల గీరేసినట్టు సన్నటి గులాబీ చార.

"ఏంటే ఇది, పిల్లి రంగుడబ్బాలో పొర్లి గోడెక్కినట్టుంది," అంది తల్లి.

"నువ్వు ఊరుకో అమ్మా," అంటూ అతను నవ్వాపుకుని మేకు కొట్టాడు. అక్క నొచ్చుకుంటుందనే గానీ, ఆ పటం మీద అతనికీ ప్రేమేం లేదు.

ఆ తర్వాత అతని భార్య రోజూ దానికెదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. చేతిలో టీ చల్లారిపోయేది. పిలిస్తే పలికేది కాదు. అతను ఉండబట్టలేక అక్కకు ఫోన్ చేశాడు.

"అసలేం వేశావక్కా అందులో? తను రోజూ దాన్నే చూస్తూ కూర్చుంటోంది."

"నాకే తెలిస్తే నీకు చెప్పనట్రా? తననే అడుగు."

ఆదివారం మధ్యాహ్నం, తల్లి లోపల కునుకు తీస్తుండగా, వెళ్లి భార్య పక్కన చతికిలబడ్డాడు.

"ఏం కనిపిస్తోంది నీకు?"

"ఏమీ కనిపించదండీ. అందుకే బాగుంది. వచ్చినవాళ్లంతా 'మళ్లీ పుడతార్లే' అంటారు. ఇదొక్కటే నాకేం చెప్పదు."

అతనూ పటం వైపు చూడసాగాడు. చూడగా చూడగా చూపు ఆ గులాబీ చార దగ్గర ఆగిపోయింది. ఆ రంగు అతనికి తెలుసు. ఆ రోజు ఆస్పత్రి వరండాలో నర్సు అతని చేతికిచ్చిన మూటలోంచి చిన్న చెయ్యి బయటికొచ్చింది. అప్పుడు భార్య మత్తులో ఉంది. ఆమెకు తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది. పాపను చూసింది అతనొక్కడే. ఆమె అడగలేదు. పుండు రేపినట్టవుతుందని అతనూ ఆ మాట ఎత్తలేదు.

"గోళ్లున్నాయి," అన్నాడు.

"ఏంటి?"

"పాపకి. ఇదిగో, ఈ రంగే. ఇంతింత గోళ్లు."

ఆమె చటుక్కున అతని వైపు తిరిగింది. మోకాళ్ల మీద దగ్గరికి జరిగింది.

"జుట్టు?"

"ఒత్తుగా. నీ పోలికే."

"మరి ముక్కు?"

అతను తటపటాయించాడు. "మా అమ్మది."

"అయ్యో పాపం," అంది ఆమె. ఏడుస్తూనే నవ్వేసింది. అతనికీ ఏడుపు ఆగలేదు.

తల్లి లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమైందని అడగబోయి, వాళ్ల మాటలు చెవిన పడి ఆగిపోయింది. కాసేపటికి నెమ్మదిగా వచ్చి కోడలి పక్కన కూర్చుని, ఆమె వీపు మీద చెయ్యేసింది.

"ఇంకా చెప్పరా," అంది.